గంప ఫోటో

ఫోటో స్టూడియో నడిపెటోని ఇంట్ల ఆయన ఫోటో ఉండదు. మా ఇంటికొచ్చి చూడుండ్రి. గోడల నిండ ఫోటోలే. మా అమ్మ ఉన్నది, మా ఇంటామె ఉన్నది, చెల్లె పెండ్లి ఉన్నది, చెల్లె బిడ్డను తొట్లెల వేసినప్పటిది ఉన్నది. నేను లేను. వాళ్లంత నవ్వుతాండ్రంటే ఎదురుంగ నేను నిలబడి "జర నవ్వుండ్రి" అన్న అని అర్థం. ఆ ఫోటోలల్ల నా వాటా గంతే.

వరంగల్ స్టేషన్ దిక్కు ఒక సందుల ఉంటది మా స్టూడియో. ఒకప్పుడు ముహూర్తం పెట్టిపిచ్చుకోని పంతులు ఇంటికెల్లి సీదా నా దగ్గరికే వచ్చెటోళ్లు. నెక్కొండకెల్లి వచ్చిండ్రు, పాలకుర్తికెల్లి వచ్చిండ్రు. "నువ్వు ఖాళీగుంటెనే ముహూర్తం ఖాయం చేస్తం" అన్నోళ్లు గూడ ఉన్నరు. ఇప్పుడు అందరి చేతుల ఫోనే. నా దగ్గరికి వచ్చేది పాస్‌పోర్టు సైజు ఫోటోల కోసం, లేకపోతే సచ్చిపోయినోళ్ల కోసం.

సచ్చిపోయినోళ్ల పనే ఎక్కువ. బిడ్డ పెండ్లి నాటికి తండ్రి ఉండడు. ఓటరు కార్డు మీది ఆయన మొఖం పట్టుకొస్తరు. "అన్నా, మా నాయినను పెండ్లికూతురు పక్కన నిలబెట్టవా" అంటరు. ఆ మొఖానికి కంప్యూటర్ల ఉన్న ఏదో ఒక తెల్లంగి తొడిగి, బిడ్డ పక్కన అతికిస్త. ఫోటో చేతిల పెట్టంగనే బోరున ఏడుస్తరు. మంచిగ చేస్తనని పేరుంది నాకు. కని ఆ పని చేసిన్నాడు నాకు బువ్వ సయించది.

మా చెల్లె బిడ్డకు పెండ్లి కుదిరింది. నాకు పిల్లలు లేరు, ఆ పిల్లనే నా పిల్ల. పుట్టినకాడికెల్లి అన్నీ నేనే తీసిన. చెవులు కుట్టిచ్చినప్పుడు ఏడ్చింది తీసిన, ఓణీల ఫంక్షన్ తీసిన, కాలేజీకి పోయిన్నాడు తీసిన. పెండ్లి గూడ నేనే తీస్తననుకున్న, ఇంకెవరు తీస్తరు మరి? ఓనాడు చెల్లె స్టూడియోకొచ్చి కూసున్నది. చాయ్ చెప్పిన. తాగకుంట గ్లాసు చేతుల పట్టుకోని తిప్పుతాంది.

"అన్నా, కోపం చెయ్యకు. అల్లుడు హైదరాబాద్ టీంను మాట్లాడిండట. డ్రోన్లు గీన్లు అన్నీ ఉంటయట."

"మరి నేనేం చెయ్యాలె? గేటుకాడ నిలబడి పన్నీరు చల్లన్నా?"

"నువ్వు మేనమామవు. గంప మోసెటోనివి. కెమెరా మెడకేసుకోని గంపెట్ల మోస్తవు చెప్పు? ఈ ఒక్కపారి ఫోటోల ఉండు అన్నా. నిన్ను చూసుకుందామంటె మా ఇంట్ల ఒక్క ఫోటో లేదు."

మా దిక్కు పెండ్లికూతురును వెదురు గంపల కూసోవెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తరు. ఎన్ని పెండ్లిళ్లల తీసిన్నో ఆ ఫోటో. మేనమామ మెడ నరాలు ఉబ్బుతయి. పిల్ల ఎక్కడ పడతనో అని ఆయన భుజం గట్టిగ పట్టుకుంటది. వెనక ఆడోళ్లు ఇకిలిస్తాంటరు. దానికి ఎవ్వరు పోజు పెట్టరు, పెట్టే తీరిక ఉండది. పెండ్లి ఆల్బం మొత్తంల అబద్ధం లేని ఫోటో అదొక్కటే అని నేను గట్టిగ నమ్ముత. అండ్ల నేను ఉంట అనంగనే నా కోపం ఎటో పోయింది. సిగ్గిడిసి చెప్తున్న, సంబురమైంది నాకు.

గంప నేనే దగ్గరుండి అల్లిపిచ్చిన. దానికి పసుపు రాసిన, బొట్లు పెట్టిన. పట్టంచు పంచె తెచ్చుకున్న. మీసాలకు రంగేసుకుంటాంటే మా ఇంటామె చూసి, "పెండ్లి పిల్లదా, నీదా?" అన్నది.

"నవ్వు, నవ్వు. రేపు ఫోటో వచ్చినంక గోడకు మొల కొట్టేది నువ్వే" అన్న.

పెండ్లికి ముందు ఖిలా వరంగల్ల పిల్లను, పిల్లగాన్ని పెట్టి హైదరాబాదోళ్లు షూటింగ్ చేసిండ్రు. ఆ రాతి తోరణాల మీద ఎండ ఎప్పుడు ఎటుకెల్లి పడతదో నాకు తెలుసు గదా అని పోయిన. చెప్దామని నోరు తెరిచినో లేదో, అండ్ల ఒకడు, "అంకుల్, ఫ్రేంలకొస్తున్నరు. జర పక్కకు" అన్నడు. ఆ మాట నేను ఎంతమందిని అన్నన్నో నాకే లెక్క లేదు. నన్ను అంటే మాత్రం సుర్రుమన్నది. సరే తీయ్, పెండ్లినాడు నేను ఫ్రేంల ఉండకుంట ఎట్ల తీస్తరో చూస్త అనుకున్న. కెమెరా ఇంట్లనే బీరువల పెట్టి తాళమేసి పెండ్లికి పోయిన.

హాల్ల ఏమైందంటే, పిల్ల రూముకాడ నేను, మా పెద్దమ్మ కొడుకు గంప పట్టుకోని తయారుగ నిలబడ్డం. తలుపు తెరుసుకున్నది. పాట మోగింది, తెల్లటి పొగ లేసింది. పిల్ల పూల చాదర్ కింద డ్యాన్సు లెక్క అడుగులేసుకుంట మా ముందటికెల్లే నడిసిపోయింది. చాదర్ నాలుగు కొసలు ఆమె దోస్తులు పట్టుకున్నరు. కెమెరాలన్ని ఆమె ఎంబడే వెనకకు నడుసుకుంట పోయినయి. మేము గంప పట్టుకోని గోడకు అతుక్కోని నిలబడ్డం.

పిల్ల స్టేజి ఎక్కింది. అప్పుడు పంతులు తలెత్తి, "గంప ఏది? మేనమామలేరి?" అన్నడు. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అంత పెద్ద ప్లానుల గంపనే మరిచిపోయిండ్రు! ముహూర్తం దగ్గరికొచ్చింది. చెల్లె ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "అన్నా, పిల్లను వెనక మెట్లకాడికి తీస్కపోయి జల్ది మోసుకరాండ్రి."

నేను కెమెరాల పిల్లగాని దగ్గరికి పోయిన. "బాబూ, గంప ఫోటో ఒకటి తియ్యి" అన్న. నేను, ఒకల్ని, ఫోటో తియ్యిమని అడిగిన!

"బ్రైడ్ ఎంట్రీ అయిపోయింది అంకుల్. మళ్ల ఎంట్రీ అంటే వీడియోల అతకది. ఇప్పుడు పెండ్లికొడుకు మీద పెట్టినం. జర పక్కకు."

జనమంత ఫోన్లు పట్టుకోని స్టేజి ముందట ఉన్నరు. మేము వెనక మెట్ల దిక్కు పిల్లను గంపల కూసోవెట్టి ఎత్తినం. నగలతోటి, పట్టుచీరతోటి మంచి బరువే ఉన్నది. పైకి లేవంగనే నా భుజం పట్టుకున్నది, గోర్లు దిగినయి.

"మామా, పడేస్తవా?"

"నిన్ను పడేస్తనా బిడ్డా."

నవ్వింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, తుడుసుకుందామంటే చేతులు ఖాళీగ లేవు. నాలుగడుగులేసి అడ్డుతెర వెనక దించినం. అయిపోయింది. ఎవ్వరు తియ్యలేదు. భోజనాలైనంక ఆ గంప బయట ఎంగిలి ఆకుల పక్కన పడి ఉన్నది. స్కూటర్ మీద పెట్టుకోని స్టూడియోకు తెచ్చుకున్న.

కొన్ని నెలలకు చెల్లె మళ్లొచ్చింది, చేతుల పెన్ డ్రైవ్.

"అన్నా, మా అత్తమ్మ ఒక్కతీరుగ అడుగుతాంది. గంప ఫోటో ఏది, మేనమామ లేని పెండ్లి చేసిండ్రా అని. నువ్వు కంప్యూటర్ల జోడిస్తవు గదా. నిన్ను, పిల్లను గంపల పెట్టి ఒకటి చెయ్యరాదు?"

పెన్ డ్రైవ్ తీసుకోని బల్ల మీద పెట్టిన.

"చెల్లె, నేను సచ్చినోళ్లను అతికిస్త. నేనింక సావలేదు గదనే."

"గట్లంటవేందన్నా!" అని కొంగు నోట్లె కుక్కుకున్నది. ఏడ్సింది. నేను ఊకోవెట్టలేదు. ఏడ్వనీ అనుకున్న.

"పిల్లను రమ్మను. గంప ఈడనే ఉన్నది, నేనున్న. నిజంగనే మోస్త, తీసుకుందాం" అన్న.

"దానికి లీవు దొరకదట అన్నా. ఫోన్ చేస్తే, మామనే ఎట్లనన్న చేస్తడు తీయ్ అన్నది."

చెల్లె పోయినంక కంప్యూటర్ల నా ఫోటో కోసం ఎతికిన. మా పెద్దమ్మ కొడుకువి కుప్పలు కుప్పలు ఉన్నయి, ఏదో ఒకటి పనికొస్తది. ఊరు ఊరంత ఉన్నది అండ్ల. నాది లైసెన్సు కోసం నేనే తీసుకున్న మొఖం ఫోటో ఒక్కటి దొరికింది. తెల్లంగి తొడిగి అతికియ్యనీకె సరిగ్గ సరిపోతది అది. వద్దనుకున్న.

షట్టర్ సగం కిందికి గుంజిన. పంచె కట్టుకున్న. గంపకు ఒక పక్క స్టూలు పెట్టి, ఇంకో పక్క నేను పట్టుకున్న. ఖాళీ గంప ఎత్తితే మొఖంల బరువు కనపడది, అందుకని ఇంట్లకెల్లి బియ్యం బస్త తెచ్చి గంపల పెట్టిన. కెమెరాకు టైమర్ పెట్టుడు, ఉరికొచ్చి గంప ఎత్తుడు. నడుం పట్టేసింది. "జర నవ్వుండ్రి" అనెటోడు లేడు. ఎట్లనో ఒకటి కుదిరింది. కంప్యూటర్ల బస్త తీసేసి పిల్లను, స్టూలు తీసేసి పెద్దమ్మ కొడుకును పెట్టిన. హైదరాబాదోళ్ల ఫోటోలల్ల ఆమె కూసున్నదేదైనా చేతులు ఒళ్లెనే ఉన్నయి. అట్లనే అతికిచ్చిన.

ఇప్పుడు అది చెల్లె ఇంట్ల పెద్ద ఫ్రేముల ఉన్నది. మొన్న పోతే ఎవరో సుట్టాలు వచ్చిండ్రు. మా బావ వాళ్లను గోడకాడికి తీస్కపోయి చూపెడతాండు.

"హైదరాబాదోళ్లు తీసిండ్రు. ఆల్బం మొత్తం ఒకెత్తు, ఇదొక్కటి ఒకెత్తు. చూడుండ్రి, పిల్ల బరువు మా బావ మొఖంల ఎట్ల కనపడతాందో."

చెల్లె నా దిక్కు చూసి తల వంచుకున్నది. "అది పిల్ల బరువు గాదు బావా, బియ్యం బస్తది" అని నాలుక చివరిదాక వచ్చింది. చాయ్ తాగి లేచిన.