మూడోనాటి ముద్ద

తొక్కుకు మామిడికాయలు కొనాలంటే మా ఇళ్లలో కాయను చేత్తో నొక్కి చూస్తే సరిపోదు, కొరికి చూడాలి. అమ్మేవాడు కత్తితో చిన్న చెక్క కోసి ఇస్తాడు. కొరకగానే కళ్లు వాటంతట అవే మూసుకుపోయి ఒళ్లు జలదరిస్తేనే బేరం మొదలవుతుంది. లేదంటే కాయ ఎంత నిగనిగలాడినా పక్క బండికి నడవాల్సిందే. పెళ్లయి శామీర్‌పేటకు వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పిన మొదటి విద్య ఇదే.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో ఆ విద్యకు సెలవొచ్చింది. దుకాణాలు పొద్దున కాసేపే తెరిచేవారు. మిగిలిన జాకెట్టు గుడ్డతో ఇంటిల్లిపాదికీ పసుపుపచ్చ మాస్కులు కుట్టాను. అందులో ఒకటి కట్టుకుని, సంచి పట్టుకుని, అలియాబాద్ దగ్గర రోడ్డు పక్కన బండి మీద కాయలు పోసుకుని అమ్మే తాత దగ్గరికి పోయాను. ఏటా ఆయన దగ్గరే కొంటాం. అలవాటు కొద్దీ మాస్కు కిందికి లాగబోతే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు బేటీ, మాస్కు తియ్యకు. పోలీసోళ్లు సూస్తే నా బండి లేపేస్తరు. జల్దీ తీస్కొని పో."

"పులుపుంటయా మరి?"

"మస్తుంటయి!"

ఆ మాట నమ్మి, అక్కడే ముక్కలు కొట్టించుకుని ఇంటికొచ్చాను.

అప్పుడు ఇంట్లో ముగ్గురమే. నేను, మేడ్చల్ దిక్కు ఒక కంపెనీలో పనిచేసే మా ఆయన, అత్త. అత్తకు ఏళ్లుగా ఉబ్బసం. చలికాలమొస్తే మంచం మీద కూర్చునే తెల్లవారుస్తుంది. మాకు రోగమొస్తే ఎలాగో గట్టెక్కుతాం, ఆమెకొస్తే ఆ ఊపిరి తట్టుకోదు. ఆ రోజుల్లో మా భయమంతా అదొక్కటే. అందుకే ఆమెను గడప దాటనివ్వలేదు. కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెట్టేదాన్ని, పాల పాకెట్లను సబ్బు పెట్టి తోమేదాన్ని. ఒకరోజు గిన్నెలో పొంగింది పాల నురుగో సబ్బు నురుగో తేలక మా ఆయన టీ మానేసి డ్యూటీకి పోయాడు.

తొక్కు కలిపేటప్పుడు ఎవరూ రుచి చూడకూడదు. ఎంగిలి తగిలితే బూజు పడుతుందని అత్త నమ్మకం. మూడోనాడు జాడీ మూత తీసి, అడుగు నుంచి తిరగగలిపి, వేడి అన్నంలో వేసుకుని ఆమే తన చేత్తో అందరికీ ముద్దలు పెడుతుంది. కొడుక్కొకటి, నాకొకటి, ఆఖరుది తనకు. ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన తిండి అదే.

ఆ మూడోనాడు నోట్లో కారం భగ్గుమంది. ఉప్పు తెలిసింది, అల్లమెల్లిపాయ తెలిసింది. పులుపు మాత్రం జాడ లేదు.

అంతకుముందు రోజే మా ఆయన ఫోన్‌లో వచ్చినదొకటి గట్టిగా చదివి వినిపించాడు. ఈ రోగంలో ముందు పులుపు పోతుందట, తర్వాత తీపి, ఆఖరున కారం. రాసిందెవరో దేవుడికే తెలియాలి. అయినా ఆ రోజుల్లో ఫోన్‌లో వచ్చిందంటే మాకు నిజమే.

"మంచిగున్నదా?" అని అడిగింది అత్త.

"మస్తున్నది" అన్నాడు మా ఆయన. అంటే పులుపు పోయింది నాకొక్కదానికే అనుకున్నాను. నేనూ తలూపాను. అత్త తన ముద్ద తిని, "ఉప్పు సరిపోయింది" అని మాత్రం అని లేచింది.

వంటింట్లోకి పోయి చింతపండు నోట్లో వేసుకున్నాను. ఒకసారి పుల్లగా ఉన్నట్టే ఉంది, మరుక్షణం లేనట్టే ఉంది. భయపడ్డ నోటికి రుచేం తెలుస్తుంది? నాకేమవుతుందోనని కాదు నా బెంగ. నా పెదాలకు తగిలిన వేళ్లతోనే ఆమె ఆఖరి ముద్ద తింది.

ఆ సాయంత్రం నుంచి మా ఆయన ఇంట్లో కూడా మాస్కు తీయలేదు. కంపెనీలో అలా ఉండమన్నారని చెప్పాడు. అత్త లోపల ఉక్కపోస్తాందని పళ్లెం పట్టుకుని వరండాలోకి మారింది. ఇద్దరూ నాకు దూరంగా ఉన్నారు, పోనీలే, అదే మంచిదనుకున్నాను.

మర్నాడు కూరగాయలకని చెప్పి బయల్దేరాను. శామీర్‌పేటలో పరీక్ష చేయించుకుంటే తెలిసినవాళ్లెవరో చూస్తారు, కబురు నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. అందుకే ఆటో ఎక్కి మేడ్చల్ పోయాను. దవాఖాన ముందు సున్నంతో గుండ్రంగా గీతలు గీసి, ఒక్కో దాంట్లో ఒక్కొక్కరిని నిలబెట్టారు. ముందున్న మనిషి దగ్గి, పక్కకు తిరిగాడు. ముఖానికి నా జాకెట్టు గుడ్డ!

"నువ్వు డ్యూటీకి పోలె?" అన్నాను.

"నువ్వు కూరగాయలకు పోలె?" అన్నాడు.

ముందు ఆయనే బయటపడ్డాడు. "పులుపు తెలుస్తలేదే. నిన్నటి సంది పరేషాన్ అయితాంది."

"నాకు గూడ తెలుస్తలేదు. మరి మస్తున్నదని ఎందుకన్నవ్?"

"అమ్మ భయపడ్తదని."

నాకు ఒళ్లు మండింది. కానీ నేను చేసిందీ అదే. ఇంతలో గేటు ముందు ఆటో ఆగి, మూడో పసుపుపచ్చ మాస్కు దిగింది. మమ్మల్ని చూసి అత్త అక్కడే నిలబడిపోయింది.

"నా నోరు సచ్చిందిరా. పులుపు తెలుస్తలేదు. మీకెందుకు చెప్పుడని వచ్చిన" అంది. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు గూడనా?"

ఇక సందేహమేముంది? ముగ్గురికీ అంటుకుంది. ముక్కుల్లో పుల్లలు పెట్టి, ఫలితం వచ్చేదాకా రేకుల షెడ్డు కింద దూరం దూరంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. అత్త తన కుడిచేతిని కొంగులో చుట్టేసుకుంది.

"నాకే ముందుగాల వచ్చిందేమో. గీ చేత్తోనే పెట్టిన గదరా మీకు. నేనే అంటించిన" అంటూ ఏడ్చింది. మాస్కు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. తన ఊపిరి సంగతి ఒక్కమాట ఎత్తలేదు. మా ఆయన కుర్చీ జరుపుకుని పోయి, కొంగులోంచి ఆ చేతిని బయటికి తీసి పట్టుకున్నాడు.

"దూరముండు. రిజల్టు రాలె" అంది అత్త.

"రానియ్."

నర్సమ్మ అరిచినా ఆయన చేయి వదల్లేదు. అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా నాకు ఆ ఒక్క మాటతో పోయింది.

కాసేపటికి ఆ నర్సమ్మే వచ్చి చెప్పింది. "ముగ్గురికి ఏం లేదు. ఇంటికి పోండ్రి."

మా ఆయన మళ్లీ ఒకసారి అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. అత్త కళ్లు తుడుచుకుని, ఏదో ఆలోచించి, మెల్లగా నా వైపు తిరిగింది.

"కాయ కొరికి సూసే తెచ్చినవా?"

"మాస్కు తియ్యనియ్యలేదత్తమ్మా."

అంతే. గేటు దాటకముందే మొదలుపెట్టింది. మా ఆయన బండి మీద తప్పించుకున్నాడు, ఆటోలో నేను దొరికిపోయాను. మూతి కట్టుకుని పులుపు లేని మామిడికాయలు కొన్న నన్ను, మస్తుంటాయన్న తాతను, మస్తున్నదన్న కొడుకును, ఫోన్‌లో ఆ చెత్త రాసిన మొహం తెలియని మనిషిని, వరస పెట్టి ఒక్కొక్కరినీ దులిపేసింది. ఎక్కడా దగ్గు రాలేదు, ఎక్కడా ఆయాసంతో మాట ఆగలేదు. ఆటో అతను అద్దంలోంచి నా వైపు జాలిగా చూశాడు. నేనేమో శామీర్‌పేట ఇంకాస్త దూరముంటే బాగుండునని అనుకుంటూ కూర్చున్నాను.