మూట విప్పించిన టీచరమ్మ

మార్కాపురంలో మాకు తెలుగు చెప్పిన టీచరమ్మ పోయారని గత వారం తెలిసింది. నాతో చదువుకున్నామె ఫోన్ చేసి, "పొద్దున కాఫీ తాగుతా తాగుతా కూర్చున్న కాడనే పోయిందంట" అని చెప్పింది.

అర్థాలు రాయించే అలవాటు ఆమెకు లేదు. బోర్డు మీద ఒక్క మాట రాసి పక్కకు జరిగి, ఇంట్లో ఎట్లా వాడతారో చెప్పమనేవారు. "బట్టీ కొడితే రెండు రోజులుంటాది. వాడితే నీదవుతాది" అనేవారు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు 'విప్పు' అని రాశారు. ఒకరు జడ విప్పారు, ఒకరు పొట్లం విప్పారు, ఇంకొకరు పాము పడగ విప్పిందన్నారు. నా వంతు వచ్చింది.

"నేను మూట విప్పలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "వాక్యం బాగుంది. ఎందుకు విప్పలేదమ్మా?"

నేను తల వంచుకున్నాను.

"ఇప్పుడే చెప్పొద్దులే. నోరు విప్పడానికి కూడా అదే మాట" అని పక్క పిల్లను లేపారు.

బడి వదిలాక వరండాలో చెప్పాను. క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోయి తెచ్చుకున్న మూట హాస్టల్లో అట్లాగే కట్టి ఉంది. అమ్మానాయన గుంటూరు వైపు మిరపకోతలకు పోతున్నారు. చంటి చెల్లెల్ని ఎత్తుకోవడానికి నన్నూ తీసుకుపోతామన్నారు. ఎట్లాగూ పోయేదే కదా, విప్పడమెందుకు?

ఆదివారం ఆమె నన్ను వెంటబెట్టుకొని అర్ధవీడు దగ్గరున్న మా పల్లెకు బస్సులో వచ్చారు. నాయన మంచం వాల్చి, తాను నిలబడే ఉన్నాడు.

"ఏందన్నా, పిల్లను బడి మాన్పిస్తావంట?"

"మాన్పించడం కాదమ్మా, రెండు నెల్లే. చంటిదాన్ని ఎవురు చూస్తారు?"

"రెండు నెలలని పోయిన ఆడపిల్లలు ఎంతమంది తిరిగి బడికొచ్చినారో నువ్వే చెప్పు."

పొయ్యి దగ్గర నుంచి అమ్మే అంది: "ఈ యేడు నేను రాను. చంటిదాన్ని చూసుకుంటా ఈడనే కూలికి పోతా. నువ్వొక్కడివే పో."

నాయన, "అట్లనే కానీ" అన్నాడు.

ఆ సాయంత్రం హాస్టల్‌కు తిరిగొచ్చి మూట విప్పాను. రెండు జతల బట్టలు, దువ్వెన, కాసిని వేరుశనక్కాయలు.

ఇప్పుడు గిద్దలూరులో నర్సుగా పనిచేస్తున్నాను. వార్డులో చేరిన మనిషి సంచి రెండు రోజులైనా విప్పకపోతే, మందుల కంటే ముందు ఆ సంగతే అడుగుతాను.

ఆ ఆదివారం తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు టీచరమ్మ మా చంటిదాన్ని ఎత్తుకున్నారు. అది ఆమె కళ్లజోడు లాక్కొని వదలలేదు. బస్సు వచ్చి హారన్ కొడుతున్నా ఆమె తొందరపడలేదు. ఎండకు కళ్లు చికిలించి, సరిగా కనబడని ఆ చంటి ముఖంలోకి చూస్తూ నవ్వుతున్నారు.