తిప్పతీగ కషాయం

బెంగళూరులో అమ్మ కిడ్నీ నాకు పెట్టారు. పెనుకొండ దగ్గర మా ఊరికి తిరిగొచ్చిన రోజే, రోగాలు అంటకుండా మూడు నెలలు బయటికి రాకూడదని నన్నొక గదిలో పెట్టారు.

అమ్మ పట్టుపురుగులు పెంచే మనిషి. బయటి రోగం తగిలితే పంటంతా పోతుందని పురుగుల షెడ్డు గుమ్మంలో సున్నం, బ్లీచింగు చల్లేది. కాళ్లు కడగందే నాయన్ని కూడా రానిచ్చేది కాదు. తన ఆపరేషన్ కుట్లు మానీమానకముందే నా గుమ్మంలోనూ అలాగే చల్లింది. అన్నం పళ్లెం గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. ముప్పయ్యేళ్ల మనిషిని, పురుగులతో సమానమయ్యానని నాకు ఒళ్లు మండేది. వాటికైనా నెల తిరక్కుండా గూడు కట్టుకుని హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు చూసే యోగం ఉంది.

రెండో నెలలో నీరసంగా కనిపించానేమో, తిప్పతీగ కషాయం కాచి తెచ్చింది.

"రోగాలు రాకుండా శక్తి వస్తాదంట. తాగు పాపా."

అడక్కుండా ఏదీ మింగొద్దని డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తుంది. కానీ కిడ్నీ ఇచ్చిన మనిషికి గ్లాసెడు కషాయం వద్దని ఏ నోటితో చెప్పను? పది రోజులు తాగాను. పదకొండో రోజు రక్తపరీక్ష తేడాగా వచ్చింది. ఇద్దరం బెంగళూరు పరిగెత్తాం.

"ఒంట్లో కాపలావాళ్లు ఉంటారమ్మా," అన్నాడు డాక్టరు, అమ్మకేసి తిరిగి. "తమది కానిదాన్ని తరిమేస్తారు. మీ కిడ్నీ జోలికి రాకుండా వాళ్లను జోకొట్టడానికే ఈ మాత్రలు. మీరేమో వాళ్లను తట్టి లేపినట్టున్నారు. కషాయం వల్లే అని కచ్చితంగా చెప్పలేను. ఆపెయ్యండి."

వారం పాటు ఇంజక్షన్లు ఇచ్చారు. ఈసారికి కిడ్నీ నిలబడింది. ఇంకోసారి ఇలాగైతే చెప్పలేమన్నారు. మళ్లీ అదే గది, మళ్లీ మొదటి నుంచి మూడు నెలలు. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అమ్మ కిటికీ బయట నిలబడింది.

"తొమ్మిది నెలలు నా కడుపులో ఉంటివి. నా ఒళ్లు నిన్ను తరమలేదే. నీ ఒళ్లు నన్నెందుకు తరుముతాండాది?"

మాత్రలు చేతిలోకి తీసుకుని ఆమె చూస్తుండగానే మింగాను.

"నోరు తెరువు," అంది.

తెరిచి చూపించాను.