లెక్కలో లేని కంకర

గిరిబాబుగారు మనిషి మొహం చూడరు, నడక చూస్తారు. సెలవులకి సొంతూరు బిలాస్‌పూర్ స్టేషన్లో దిగినా ప్లాట్‌ఫారం మీద ఓ పక్కన నిలబడి, ఎవరి మడమ ముందు ఆనుతోందో, ఎవరి తుంటి ఒరుగుతోందో కనిపెడుతూ వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుంటారు. అడుగు పడ్డప్పుడల్లా ఎముక మీద ఎంత బరువు పడుతుందో కంప్యూటర్లో కట్టి చూడడం ఈ ప్రొఫెసరుగారి చదువు. పదిహేనేళ్ళ ఆ చదువంతా చివరికి ఒక కృత్రిమ పాదమైంది. మొదటిది తెచ్చి, చిన్నప్పటి రైల్వే కాలనీలో పక్క క్వార్టరు పైడిరాజు మావకి స్వయంగా తొడిగారు. రైలు బండి కింద కాలు పోయాక అతను పక్క స్టేషను గతౌరా దగ్గర రైల్వే గేటు డ్యూటీలో ఉన్నాడు.

తొంభై మూడు ఎండాకాలంలో వచ్చేసరికి పైడిరాజు మంచం మీదున్నాడు. బండికి జెండా చూపించడానికి పట్టాల పక్కకి వెళ్తూ పడ్డాడు. మంచి కాలి తుంటి విరిగింది, ఇంక లేవడన్నారు డాక్టర్లు. గిరిబాబుగారు పాదాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఎక్కడా పగుల్లేదే, మావా!"

"దానికేటయింది బాబూ, మంచిదే. గచ్చు మీద గుర్రంనాగ నడిసీసినాను. కంకర మీదే బోల్తాకొట్టీసినాను."

ఆ పాదానికి కొలతలన్నీ కాలేజీ వరండాలో, నున్నటి గచ్చు మీద తీసినవే. తిరిగి పట్టాల వెంటే నడిచి వచ్చారు. రాయి రాయికీ ఆయన పాదం తనంతట తనే ఒరిగి, సర్దుకుని ఆనుతోంది. పదేళ్ళు ఈ కంకర మీదే బడికెళ్ళిన పాదం. ఊరందరి నడకా కొలిచారు గాని, దీన్ని కొలవాలని ఆయనకి ఏనాడూ తట్టలేదు.