పట్టుపోగు చెప్పిన పాఠం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్సుల్లో తిరుగుతూ ధనుంజయ మాస్టారు ముప్పయ్యేళ్లుగా ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతున్నారు. ఆయన వాక్యాలను కలిపే కంజంక్షన్లు చెబుతుంటే బస్సు హారను కూడా తప్పుల్లేకుండా మోగుతుందని కుప్పంలో అంటారు. అంతటి మనిషికి జైనాబ్ కొరకరాని కొయ్య అయింది. మదనపల్లెలో పట్టుగూళ్ల నుంచి పోగు తీసే ఆమె, పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పింది. ఈసారి గట్టెక్కితేనే పుంగనూరు హాస్టల్లో ఉద్యోగం.

"ఈ కంజంక్షన్లు నా తలకాయకు ఎక్కవు సార్, ఇడిసిపెట్టండి" అంది పాఠం చెప్పడానికి వచ్చిన మాస్టారితో, పట్టుగూళ్లు నానే వేడినీళ్ల తొట్టి ముందు కూర్చుని.

అంతలో తిరిగే చక్రానికి చుట్టుకుంటున్న పోగు తెగింది. మాస్టారు రెప్ప వేసేలోగా రెండు కొసలూ ముడిపడ్డాయి. మరుక్షణం ఆమె ఇంకో గూటి కొసను, నడుస్తున్న పోగు మీదికి విసిరింది. ముడి లేకుండానే అది అల్లుకుపోయింది.

"దీనికి ముడి యాల వెయ్యలేదమ్మా?"

"తెగిన కొసలు రెండూ సరిసమానం సార్, ముడేస్తే సాలు. ఇది సన్నంది, ఒంటిగా నిలబడదు. నడిచే పోగును పట్టుకుంటేనే దానికి బతుకు."

మాస్టారు తొట్టి మీదికి వంగారు. "ఓయమ్మా! రెండు సమాన వాక్యాలకు ఆ ముడే అండ్, బట్. ఒంటిగా నిలబడని వాక్యానికి ఈ విసిరిందే బికాజ్, ఆల్దో. ఇన్నేళ్లూ యాడేడో ఎతికినాను గదా!"

జైనాబ్ చేతులు ఆగలేదు, పెదాలు మాత్రం మెల్లగా కదిలాయి. "ఆల్దో ద థ్రెడ్ బ్రోక్... ద వీల్ డిడ్ నాట్ స్టాప్."

ఆ ఏడు ఆమె పరీక్ష గట్టెక్కి పుంగనూరు చేరింది. మాస్టారు మాత్రం సంచిలో పట్టుపోగు లేనిదే కుప్పం బస్సెక్కరు.