పొట్టు ఎత్తే వేళ

నా చిన్నప్పుడు బోధన్‌లో మా ఇంటి పొయ్యి కట్టెలతో కాక రంపపు పొట్టుతో మండేది. మా నాన్నగారి అన్నను మేము పెద్దబాపు అనేవాళ్లం. రెంజల్ వెళ్లే రోడ్డు పక్కన ఆయనకు వడ్రంగి షెడ్డు ఉండేది. చెరుకు బండ్లకు కావలసిన పలకలన్నీ అక్కడే కోసేవారు. షెడ్డు మధ్యలో కరెంటు రంపం. బల్ల మీది చీలికలోంచి పళ్ల చక్రం సగం పైకి కనిపించేది. మిగతా సగం బల్ల కింద చెక్క డబ్బాలో తిరిగేది. కోసిన పొట్టంతా ఆ డబ్బాలోనే పడేది.

మిషను నడుస్తున్నంతసేపు పిల్లలెవరూ గడప దాటకూడదని పెద్దబాపు చెప్పి ఉంచారు. నేనైతే ఆ చప్పుడుకే దూరంగా ఉండేదాన్ని. కానీ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కరెంటు పోయిందంటే పొట్టు ఎత్తే వేళ అయినట్టే. రంపం చప్పుడు ఆగగానే అమ్మ నా చేతికి గోనెసంచి ఇచ్చేది. ఆ సమయంలో పెద్దబాపు బయట బండ్ల కొలతలు తీసుకుంటూ ఉండేవారు. నేను షెడ్డులోకి వెళ్లి, డబ్బా పక్కనున్న రంధ్రంలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, పిడికిళ్లతో పొట్టు లాగి సంచి నింపుకునేదాన్ని. చక్రం పళ్లు ఒక్కోసారి మణికట్టును గీరేవి. ఆగిన రంపమే కదా అని నాకు ఏమాత్రం భయం ఉండేది కాదు.

నాకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం అలాగే వెళ్లాను. రంపం దగ్గర పనిచేసే మేస్త్రి చాయ్ తాగడానికి వెళ్లాడు. నేను తింటున్న చెరుకు గడను పక్కన పెట్టి చెయ్యి లోపలికి పెట్టాను. పొట్టు గట్టిగా కూరుకుపోయి ఉండడంతో వేళ్లు చక్రం వెనక్కి పోనిచ్చి తవ్వుతున్నాను. అప్పుడే పెద్దబాపు లోపలికి వచ్చారు. ఆయన ముందు గోడ మీద వేసే ఉన్న స్విచ్చును చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ ముఖంలో రంగు పోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అయినా ఆయన అరవలేదు.

"బిడ్డా, చెయ్యి బయటికి తియ్యి. మెల్లగ. గుంజకు."

అంత మెత్తగా ఆయన మాట్లాడగా ఎన్నడూ వినలేదు. అందుకే భయమేసింది. చెయ్యి బయటికి తీసేసరికి ఆయన స్విచ్చు దగ్గరికి చేరి దాని మీద చెయ్యి ఉంచారు. కానీ దాన్ని ఆపలేదు.

"మిషన్ ఎవలు బంద్ చేసిండ్రు?" అని అడిగారు.

"కరెంటు పోయింది కద పెద్దబాపు. అదే బంద్ అయింది."

"అదే బంద్ అయింది గదా. మరి అదే మల్ల షురూ అయితది. నిన్ను అడిగి అయితదా?"

తర్వాత ఆయన నా చెరుకు గడను తీసుకుని, నా చెయ్యి ఉన్న రంధ్రంలోనే చక్రానికి ఆనేలా దూర్చి, బయటి కొసకు ఇటుకలు అడ్డం పెట్టారు. నన్ను షెడ్డు బయటికి తీసుకువెళ్లి, కిటికీ ఊచల వెనక తన పక్కన నిలబెట్టుకున్నారు.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. లోపల ఏ కదలికా లేదు. రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి. ఆ చెరుకు కణుపులు చూస్తుంటే వేలి కణుపుల్లాగే అనిపించసాగాయి. కరెంటు రాకుండా ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

వచ్చింది. హెచ్చరిక ఏదీ లేదు. బల్బు వెలగడం, రంపం కూత పెట్టడం ఒక్కసారే జరిగాయి. నేను రెప్ప కొట్టేలోగా చెరుకు గడ లోపలికి పోయింది, రంధ్రంలోంచి పొట్టూ పిప్పీ కలిసి చిమ్మాయి. నా కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నానని తర్వాత గాని తెలియలేదు.

పెద్దబాపు వెళ్లి స్విచ్చు ఆపారు. చక్రం పూర్తిగా ఆగేదాకా చూసి, ఫ్యూజు కూడా పీకి చొక్కా జేబులో వేసుకున్నారు. అంతలో మేస్త్రి పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు.

"గా చాయ్ ఏడికన్న పారిపోతదా? స్విచ్ కాడికి రెండడుగులు ఏస్తే నీ కాళ్లు అరిగిపోతయా?" అన్నారు పెద్దబాపు.

"కరెంటే లేకపాయె గదన్నా, ఏం బంద్ చేయాలె?" అన్నాడు మేస్త్రి. పెద్దబాపు నా వైపు చూపించారు. అతడు నా సంచిని, నేలంతా పడిన పిప్పిని చూసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పెద్దబాపు బీడీ వెలిగించబోయారు. అగ్గిపుల్ల అంటుకోవడం లేదు. మూడో పుల్ల కూడా విరిగాక బీడీని చెవి వెనక పెట్టుకున్నారు. నాకు తెలిసినంతలో ఆ మిషనుకు భయపడని మనిషి ఆయన ఒక్కరే అనుకునేదాన్ని. ఆయన రోజూ భయపడుతూనే దాని ముందు నిలబడేవారని ఆ పూట తెలిసింది.

తర్వాత జీవితమంతా డైరీలు రాశాను. ఏ రోజు ఏం చేశానో తీసి చూడగలను. కానీ ఆ రోజుకు ముందు ఎన్ని మధ్యాహ్నాలు ఆ డబ్బాలో చెయ్యి పెట్టానో ఎక్కడా రాసి లేదు. అది తలచుకున్నప్పుడల్లా ఈ వయసులోనూ వేళ్లు లెక్కపెట్టుకుంటాను.

మొన్న నిజామాబాద్‌లో మా ఇంటి గేటు బాగుచేయడానికి ఒకతను కోత మిషను తెచ్చాడు. పని మధ్యలో కరెంటు పోయింది. అతడు మిషనును ఒళ్లో పెట్టుకుని, అరిగిన బ్లేడు విప్పడం మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్లి ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నాను.

"కరెంటే లేదు గదవ్వా, గా ప్లగ్గు ఎత్తుకపోతవా ఏంది? భయపడకు, ఇరవై ఏండ్ల సంది ఇదే పని."

"భయపడుకుంటనే చెయ్యి బిడ్డా," అన్నాను.

అతడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతడు కొత్త బ్లేడు బిగించి, మిషను కింద పెట్టి, పది వేళ్లూ నాకు చూపించేదాకా ప్లగ్గు ఇవ్వలేదు.