ఉయ్యూరులో నా దగ్గు

మొన్న ఆదివారం ఉయ్యూరులో నేను చేసిన ఘనకార్యం చెబుతాను, వినండి. ఒక్క దగ్గుతో మా మనవడి పెళ్లి చెడగొట్టబోయాను! ఒక్క దగ్గని మాటవరసకి అన్నాను గానీ, దగ్గుల లెక్క ఆ దేవుడికే తెలియాలి.

మా మనవడు రాంబాబు కరెంటాఫీసులో పని చేస్తున్నాడు. స్తంభం ఎక్కమంటే నవ్వుతూ ఎక్కుతాడు. కొత్తవాళ్లతో మాట్లాడమంటే మాత్రం చొక్కా తడిసిపోతుంది. అలాంటివాడు బెజవాడ బస్టాండులో రోజూ సాయంత్రం ఉయ్యూరు బస్సు కోసం నిలబడే సుగుణతో ఎలా మాట కలిపాడో నాకిప్పటికీ అంతుబట్టదు. ఆ పిల్ల ఇక్కడొక ఆఫీసులో టైపిస్టు. వీడితో కబుర్లలో పడి వచ్చిన బస్సుల్ని వదిలేస్తోందని తెలిశాక నేనే అడిగాను.

"నేను వెళ్లి వాళ్ల నాన్నగారితో మాట్లాడనా?"

"వద్దు నాయనమ్మా. నన్నే వచ్చి అడగమంది."

"పెద్దదాన్ని నేనుండగా నువ్వెందుకు?"

"మీ నాయనమ్మగారు అడిగితే నేను మీ నాయనమ్మగారిని చేసుకోవాలా, అంటోంది."

పిల్ల నాకు అప్పుడే నచ్చేసింది.

సరే, వెళ్లాడు. వాళ్ల నాన్నగారు వెంకట్రామయ్యగారు చెరకు రైతు. నిలువెత్తు మనిషి, గుబురు మీసం. గుమ్మంలో నిలబడ్డ మావాడి బెల్‌బాటం ప్యాంటు కేసి ఒకసారి చూసి, "ఏం కావాలి బాబూ?" అన్నారట. "మంచినీళ్లండీ" అన్నాడట వీడు. తాగి వచ్చేశాడు!

మరో ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఆయన గుర్తుపట్టి, "ఎండన పడి వచ్చావు" అంటూ ఈసారి మజ్జిగ ఇప్పించారట. అదీ తాగి వచ్చేశాడు. లోపల కిటికీ దగ్గర నిలబడి సుగుణ నెత్తి కొట్టుకుందట.

ఆ తర్వాత బస్టాండులో ఆ పిల్ల తేల్చి చెప్పేసింది: "మైలవరం సంబంధం వాళ్లు నన్ను చూడ్డానికి వస్తున్నారు. వచ్చే ఆదివారం మీరు అడిగారా సరే. లేదంటే ఇక మా ఇంటికి దాహానికి రాకండి."

వాడు అన్నం కలిపి ముద్ద ఎత్తకుండా కూర్చున్నాడు. "గొంతు పట్టేస్తుంది నాయనమ్మా. ఒక్కోసారి పట్టు వదిలితే ఆగకుండా ఏదేదో వాగేస్తాను. రెండూ భయమే" అన్నాడు.

ఇక్కడ మీకు నేను పంతులమ్మగా చేసిన బడి రహస్యం ఒకటి చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ రోజున పిల్లలకి ముందే నేర్పేవాళ్లం: జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తండి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తండి, అంతేగానీ చెయ్యి ఎత్తనివాళ్లు ఉండకూడదు! ఇన్‌స్పెక్టరుగారికి క్లాసంతా చేతులే. నేను కుడిచేతులవాళ్లనే లేపేదాన్ని. ఈ తెలివితోనే మావాడికీ సిగ్నల్స్ పెట్టాను. నేను కళ్లజోడు సర్దితే మాట్లాడాలి. దగ్గితే ఆపేయాలి. అర్థమైంది కదూ? వారమంతా ప్రాక్టీసు చేయించాను. నేను ఎదురుగా కూర్చుని వెంకట్రామయ్యగారిలా మీసం దువ్వేదాన్ని.

ఆదివారం బస్సెక్కాం. కండక్టరు వచ్చి "ఎక్కడికండీ?" అంటే వాడు నా వైపు చూశాడు. కళ్లజోడు సర్దాను. "ఉయ్యూరు, రెండు" అన్నాడు ఠక్కున. చూశారా, పద్ధతి పనిచేస్తోంది! పైకి ధైర్యం చెబుతున్నాను గానీ, కంకిపాడు దాటేసరికి నాకూ దిగులు పట్టుకుంది. వీడు ఈసారి కూడా ఏ కాఫీయో తాగి వచ్చేస్తే? ఆ పిల్ల మైలవరం వెళ్లిపోతే? ఇక వీడు ఏ గడపైనా ఎక్కుతాడా?

వెంకట్రామయ్యగారు వసారాలో వాలుకుర్చీలో ఉన్నారు. "ఓహో, మజ్జిగ అబ్బాయా! రండమ్మా, కూర్చోండి" అన్నారు. కూర్చున్నాం. కళ్లజోడు సర్దాను.

"ఏవండీ, నేను..." అని మొదలుపెట్టాడు మా రాంబాబు. మాట వచ్చింది. దేవుడా, వచ్చింది!

సరిగ్గా అప్పుడే పక్కింటి పెరట్లోంచి రోకటి పోట్లు వినిపించాయి. ఏడాదికి సరిపడా కారం దంచుతున్నారు! ఆ ఘాటు గాలివాటున వసారాలోకి వచ్చింది. వెంకట్రామయ్యగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. కానీ నాది బతుకంతా సుద్దపొడి మింగిన గొంతు కదా, ఆగుతుందా? ఖళ్ళున దగ్గాను.

రాంబాబు ఆగిపోయాడు. బుద్ధిమంతుడు!

కంగారుగా కళ్లజోడు సర్దాను. "అంటే... మీ అమ్మాయి..." అన్నాడు. ఖళ్ళు ఖళ్ళు! ఆగాడు.

కళ్ల వెంట నీళ్లు. జోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. అది చూసి వాడు నోరు తెరిచాడు. దగ్గు చూసి మూశాడు. గార్డు పచ్చజెండా, ఎర్రజెండా కలిపి ఊపుతుంటే ఇంజను డ్రైవరు ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు నన్ను.

వెంకట్రామయ్యగారు ముందుకి వంగారు. "బాబూ, నీకేమన్నా జబ్బా? మాట మధ్యలో అలా ఆగిపోతుందేం?" తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మీ వంశంలో ఉబ్బసం ఉందా?" అన్నారు.

అయిపోయింది! లేదని చెబుదామంటే దగ్గు చెప్పనివ్వదు. తల అడ్డంగా ఊపుతూ దగ్గుతుంటే ఎవరు నమ్ముతారు?

అంతలో సుగుణ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఒకసారి వాణ్ని చూసింది, ఒకసారి నన్ను చూసింది. టైపిస్టు పిల్ల కదా, తప్పెక్కడ పడిందో ఇట్టే పట్టేసింది. "మామ్మగారూ, ఇక్కడ ఘాటుగా ఉంది. వీధి చివర గాలి బాగుంటుంది, రండి" అని నా రెక్క పట్టుకు తీసుకెళ్లి ఒక చెరకు బండి పక్కన కూర్చోబెట్టింది.

"వాడొక్కడూ అక్కడ..." అన్నాను.

"ఒక్కరే ఉండాలండీ" అంది. కానీ ఆ పిల్ల కళ్లు మాత్రం వసారా మీంచి కదల్లేదు.

అక్కణ్ణించి వసారా కనిపిస్తోంది గానీ మాట వినపడదు. రాంబాబు పెదాలు కదులుతున్నాయి. వెంకట్రామయ్యగారు కదలడం లేదు. వీడు ఆగడం లేదే! ఏదేదో వాగేస్తున్నాడేమో! గట్టిగా దగ్గాను, ఈసారి కావాలనే. వాడు ఇటు తిరగనే లేదు. ఆయన లేచి నిలబడ్డారు. వాడూ లేచాడు గానీ, మెట్లు దిగలేదు. అక్కడే నిలబడ్డాడు.

"అమ్మా, రండి!" అని ఆయన కేకేస్తే, సుగుణ నాకంటే ముందు పరుగెత్తింది.

"మీవాడు ఇప్పటికి నోరు విప్పాడు. భయంగా ఉందండీ, అయినా అడగడానికే వచ్చాను, అన్నాడు" అని మీసం కింద నవ్వారు వెంకట్రామయ్యగారు. "ఇన్నిసార్లు తిరిగాడంటే మా మజ్జిగైనా బాగుండాలి, మా అమ్మాయైనా నచ్చాలి. మజ్జిగ కోసం కాదులెండి. మైలవరం వాళ్లకి రావద్దని కబురు పెడతాను."

తిరుగు బస్సులో వాడు కండక్టరుని తనే పిలిచి టికెట్లు తీసుకున్నాడు. నేను కళ్లజోడు ముట్టుకోనేలేదు.

ముహూర్తం పెట్టేశారు. నిన్న సుగుణ నుంచి మా ఇంటికో కబురు వచ్చింది: "మామ్మగారిని పెళ్లిపందిట్లో వంటలకి దూరంగా కూర్చోబెట్టండి. మూడోముడి వేసేటప్పుడు ఆవిడ దగ్గితే ఈయన ఆపేస్తారు!"

అప్పట్నించి బుగ్గన మిరియం, పటికబెల్లం పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవడం ప్రాక్టీసు చేస్తున్నాను. ఇన్నేళ్లు క్లాసులో "సైలెన్స్!" అని అరిచినదాన్నే, అదెంత కష్టమో ఇప్పుడు తెలిసొస్తోంది.